పదకొండో పేరా

ప్రొద్దుటూరులో ఇంజనీరింగు చదివే పిల్లలు కొందరు ఈ మధ్య నా దగ్గరికొచ్చి, పేటెంట్ల ఉద్యోగం ఎలా ఉంటుందని అడిగారు. జీతం బాగానే ఉంటుంది, ఎండలో తిరగనక్కర్లేదు, ఇంగ్లీషు మెరుగవుతుంది అని చెప్పి పంపేశాను. వాళ్లు వెళ్లాక నా మీద నాకే విసుగు పుట్టింది. పద్దెనిమిదేళ్లు చేసిన పని గురించి చెప్పడానికి ఇంతేనా ఉన్నది?

అందుకే ఇది రాస్తున్నాను. మరో కారణం కూడా ఉంది. పులివెందులలో ఫోన్లు బాగుచేసే మస్తాన్ గురించి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్లలోనూ ఒక మాట తిరుగుతోంది. తను కనిపెట్టినదాన్ని తోటివాళ్లకు చెప్పకుండా దాచి, పెద్ద కంపెనీకి అమ్ముకున్నాడని. అది అబద్ధం. ఆ అబద్ధం పుట్టడానికి కారణం నేను.

ఆ పని ఏమిటి

నేను బెంగుళూరులో ఒక లాయర్ల ఆఫీసులో పనిచేశాను. లాయర్ని కాను, ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి. స్మార్ట్‌ఫోన్ కంపెనీలు ఒకదాని మీద ఒకటి పేటెంటు కేసులు వేసుకుంటే, లాయర్లకు కావలసిన సాంకేతిక సరుకు వెతికిపెట్టడం నా పని.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కొత్తదాన్ని కనిపెట్టినవాడు అదెలా పనిచేస్తుందో దరఖాస్తులో వివరంగా రాసివ్వాలి. బదులుగా, ఇరవై ఏళ్ల పాటు తన అనుమతి లేకుండా ఇంకెవరూ దాన్ని వాడకుండా ఆపే హక్కు ప్రభుత్వం ఇస్తుంది. అదే పేటెంటు. అయితే దరఖాస్తు పెట్టే రోజుకు ఆ సంగతి లోకానికి తెలిసి ఉండకూడదు. ముందే బయటపడితే హక్కు పోయినట్టే. బయటపెట్టింది కనిపెట్టినవాడే అయినా సరే.

ఒక కంపెనీ 'నా పేటెంటు వాడుకున్నావు' అని ఇంకో కంపెనీని కోర్టుకు లాగితే, ఆ రెండో కంపెనీ మా దగ్గరికొచ్చేది. 'ఇదేమీ కొత్తది కాదు, ఫలానా చోట ఫలానావాడు ముందే చేశాడు' అని చూపించగలిగితే ఆ పేటెంటే చెల్లదు. ఆ ఫలానావాణ్ణి వెతకడమే నా ఉద్యోగం. పాత పత్రికలు, పాత మాన్యువళ్లు, ఎవరూ చూడని వెబ్‌సైట్లు, పాత ఫోన్లు. పని చేస్తున్నప్పుడు పరిశోధన అనుకునేవాణ్ణి. ఇప్పుడు తిరిగి చూస్తే చెత్తకుప్పల్లో ఏరుకోవడమే.

'సుమారుగా' మీద ఏడు నెలలు

నా మొదటి పెద్ద కేసు, ఫోన్ మోగినప్పుడు తెర మీద వచ్చే రెండు బొత్తాల మధ్య దూరం గురించి. పేటెంటులో 'సుమారుగా బొటనవేలు వెడల్పు' అని రాసి ఉంది. ఎవరి బొటనవేలు? ఆ ఒక్క మాట మీద ఏడు నెలలు నడిచింది. నేను మా ఆఫీసులో అందరి బొటనవేళ్లూ కొలిచి పట్టిక తయారుచేశాను. నవ్వకండి. ఆ పట్టిక కోర్టులో దాఖలైంది కూడా.

చివరికి రెండు కంపెనీలూ రాజీ పడ్డాయి. నీ పేటెంట్లు నేను వాడుకుంటాను, నావి నువ్వు వాడుకో అని. బొత్తాలు అక్కడే ఉన్నాయి. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు మొదట తెలుసుకోవలసింది ఇది: చాలా తగాదాలు ఇలాగే తెల్లారతాయి. పెద్దవాళ్లిద్దరూ గుట్టలుగా పేటెంట్లు పేర్చుకుంటారు, అవి చూపించి ఒకరినొకరు బెదిరించుకుంటారు, చివరికి మార్చుకుంటారు. మార్చుకోవడానికి చేతిలో ఏమీ లేని చిన్నవాడు మాత్రం లాయరు నోటీసు చూడగానే దుకాణం సర్దేస్తాడు. ఒక చిన్న కంపెనీ వాళ్లు బాగా పనిచేస్తున్న సదుపాయాన్ని తమ ఫోన్లలోంచి తీసేయడం నేను చూశాను. అది ఎవరి పేటెంటునూ తాకలేదు. ఆ మాట నేనే లెక్కకట్టి చెప్పాను. 'తాకలేదని నిరూపించేలోపు మేము మిగలం' అని తీసేశారు.

మా బాసు విశ్వనాథన్ గారి గురించీ ఒక మాట చెప్పాలి. ఆయన కోపిష్టి. కానీ అడగవలసిన ప్రశ్న అడిగేవాడు. నా కథలో తప్పు ఆయన మీదికి నెట్టే వీల్లేదు. ప్రయత్నించి చూశాను, కుదరలేదు.

అరటి జిగురు

ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక కేసు వచ్చింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోగానే తెర ఆరిపోతుంది కదా. దానికి పైభాగంలో చిన్న సెన్సర్ ఉంటుంది. ఏదైనా దగ్గరికొస్తే కనిపెడుతుంది. దాని మీదుగా చెయ్యి రెండుసార్లు ఊపితే తెర వెలిగేలా చేశామని ఒక కంపెనీ పేటెంటు తీసుకుంది. మా వైపు కంపెనీని కోర్టుకు లాగింది. రెండు నెలలు వెతికినా నాకేమీ దొరకలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. సెలవుకు ఊరికొచ్చినప్పుడు, పులివెందుల వైపు అరటి గెలలు కోసే కూలీలు ఫోన్ మీద చెయ్యి ఊపి తెర వెలిగించుకోవడం చూశాను. అడిగితే మస్తాన్ పేరు చెప్పారు. వెంటనే పులివెందుల వెళ్లాను.

బస్టాండు దగ్గర చిన్న షాపు. లోపల మస్తాన్ పనిచేస్తున్నాడు. ముందు బల్ల దగ్గర ఆయన భార్య షంషాద్ ఒక ఫోనుకు స్క్రీన్ గార్డు అతికిస్తోంది.

"మీది యాడ సార్?" అన్నాడు తలెత్తి.

"ప్రొద్దుటూరే."

"ప్రొద్దుటూరోళ్లు ఇన్‌షర్టు ఏసుకోని రిపేరు షాపుకొచ్చినారంటే ట్యాక్సు ఆఫీసోళ్లయినా అయుండాల, పెండ్లి కార్డులిచ్చేటోళ్లయినా అయుండాల. మీ చేతిలో కార్డులు లేవే!"

సంగతి చెప్పాక నవ్వాడు. అరటి గెల కోసినప్పుడు కారే జిగురు పవర్ బొత్తంలోకి పోయి బిగుసుకుంటుందట. ఎన్నిసార్లు శుభ్రం చేసినా వారానికే మళ్లీ తెచ్చేవారట. విసుగొచ్చి, బొత్తంతో పనిలేకుండా చేయి ఊపితే వెలిగేలా చిన్న ప్రోగ్రాం రాసి, వచ్చిన ప్రతి ఫోనులో వేసి పంపేవాడు.

"ఎప్పటి నుంచి?"

"తారీకులు కావాల్నా? మూత తీసి చూస్తే ఉంటాది. మూడు నెలలు గ్యారంటీ అంటే, ఏడాదికి తెచ్చి నిన్ననే చేపిచ్చినా అని పోట్లాడతారు సార్. అందుకే బాగుచేసిన ప్రతిదాంట్లో వెనక మూత లోపల తారీకేసి సంతకం పెడతా. అది చూపిచ్చినానంటే ఇంక నోరు లేయదు."

అలాంటి పాత ఫోను ఒక్కటి దొరికితే చాలు. మస్తాన్ ఆలోచించి జమ్మలమడుగులో రిటైరైన స్కూలు గుమాస్తా సుబ్బరాయుడు గారి పేరు చెప్పాడు. ఆయన దేన్నీ పారేయడట. ఇద్దరం వెళ్లాం. ఆయన బిస్కెట్ల డబ్బాలోంచి ఫోను తీసిచ్చి, నన్ను ఎగాదిగా చూశాడు.

"ఈ చచ్చిన ఫోన్ కోసరం బెంగుళూరు నుంచి వచ్చినావా అప్పా? మా యింట్లో చచ్చిన మిక్సీ గూడా ఉండాది. దాని మీద గూడా కేసుండాదేమో సూడు."

మూత తీశాను. లోపల మస్తాన్ సంతకం, తారీకు. కంపెనీ దరఖాస్తు కంటే దాదాపు రెండేళ్ల ముందుది. మస్తాన్ వేరే బ్యాటరీ పెట్టి చూపిస్తే, ప్రోగ్రాం కూడా అందులోనే ఉంది. పద్దెనిమిదేళ్లలో అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

శుక్రవారం బల్ల

తిరిగి వస్తూ మస్తాన్ ఒక సంగతి చెప్పాడు. అది తెలియకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

మూడు ఊళ్ల రిపేరువాళ్లు ఏడెనిమిది మంది శుక్రవారం మధ్యాహ్నం ప్రొద్దుటూరులో ఒక టీ అంగడి వెనక గదిలో కలుస్తారు. ఎవరికీ లొంగని ఫోన్లు, చచ్చిన బోర్డులు తెచ్చి బల్ల మీద పెడతారు. దాన్ని బతికించినవాడు ఎలా బతికించాడో అందరికీ చెప్పాలి. దాచుకోకూడదు. అదొక్కటే నియమం. మస్తాన్ పని నేర్చుకున్నదే ఆ బల్ల దగ్గర. చేయి ఊపే కిటుకు కూడా అక్కడ చెప్పేశాడు. అందుకే అది మూడు ఊళ్లలోనూ పాకింది.

"ఇంగొకటి ఉండాది సార్. అది మాత్రం బల్ల కాడ చెప్పల్యా," అన్నాడు. చెప్తున్నప్పుడు ముఖంలో దొంగతనం చేసినవాడి ఇబ్బంది.

షాపుకొచ్చాక చూపించాడు. జిగురు బొత్తంలోకే కాదు, సెన్సర్ మీదికీ చేరుతుంది. చవక స్క్రీన్ గార్డు వేసినా అంతే. అప్పుడు ఫోను ఎప్పుడూ చెవి దగ్గరే ఉందనుకుని తెర ఆర్పేస్తుంది. మస్తాన్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. సెన్సర్ మీద ఏది పేరుకున్నా, ఇప్పుడున్న స్థితినే మామూలుగా తీసుకుని, అక్కడి నుంచి వచ్చే మార్పును మాత్రమే చూసేలా చేశాడు. నేను సెన్సర్ మీద మైనం పూసి చూశాను. పనిచేసింది. పెద్ద కంపెనీల ఇంజనీర్లు తలలు పట్టుకున్న సమస్య అది.

"ఎందుకు చెప్పలేదు బల్ల దగ్గర?"

"కాలేజీ లెక్చరర్ సారు చెప్పినాడు, దరఖాస్తు పెట్టిందాకా నోరు మూసుకోమని. సోమవారం పోయి పెడతా. మదరాసులో చిన్న కంపెనీ ఒకటి అడుగుతాంది. దరఖాస్తు నంబరు చూపిస్తే వాళ్ల ఫోన్లలో పెడతారంట. అదైనాక బల్ల కాడ గూడా చెప్పేస్తా. వాళ్లు తిడ్తే తిట్టనీ."

ఒక్క పూట పని

ఆ రోజు గురువారం. సోమవారం వాయిదా. మస్తాన్ చేత ప్రమాణపత్రం రాయించి శుక్రవారానికల్లా, కేసు నడుస్తున్న ఢిల్లీ కోర్టుకు పంపాలి. నేను షాపులోనే కూర్చుని ల్యాప్‌టాప్‌లో రాశాను. పది పేరాల్లో అయిపోయింది. ఎవరు, ఎక్కడ, ఎప్పటి నుంచి, తారీకులు, సుబ్బరాయుడు గారి ఫోను. అంతటితో ఆపితే సరిపోయేది.

పదకొండో పేరా కూడా రాశాను. జిగురున్నా సెన్సర్ పనిచేసే ఉపాయాన్ని మస్తాన్ ఎలా సాధించాడో, అడుగడుగునా. ఎదుటి లాయరు 'వీధిలో రిపేరు చేసుకునేవాడు ప్రోగ్రాం రాశాడంటే నమ్మాలా' అంటాడు కాబట్టి, అతని సామర్థ్యం చూపించడానికి రాశానని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం వేరు. నేనెంత గొప్ప సాక్షిని పట్టుకొచ్చానో విశ్వనాథన్ గారికి తెలియాలని.

షంషాద్ డిగ్రీ చదివింది. కాగితం మొత్తం చదివి ఆ పేరా దగ్గర వేలు పెట్టింది.

"పదకొండులో ఇదెందుకు రాసినారు సార్? ఇది కొత్తది గదా. మొదులు దరఖాస్తు పెట్టి, ఆ మీద సంతకం పెడితే కాదా?"

సరిగ్గా అదే చేయాలి. వివరాలు తర్వాత నింపుకునేలా ముందస్తు దరఖాస్తు పెట్టడం ఒక్క పూట పని. నా ల్యాప్‌టాప్‌లోనే, ఆ బల్ల దగ్గరే చేసి ఉండవచ్చు. లేదా ఆ పేరా కొట్టేయవచ్చు. ఇవన్నీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే ఆ షాపులో.

"కోర్టు కాగితం ఎవరూ చదవరమ్మా. దరఖాస్తు తర్వాతయినా పెట్టుకోవచ్చు," అన్నాను.

మస్తాన్ భార్య వైపు చూసి, "సారుకు తెలీదా?" అని సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం విశ్వనాథన్ గారు ఫోన్ చేశారు. "పదకొండులో ఉన్నదానికి ఈయన దరఖాస్తు పెట్టాడా?" అని అడిగారు. చెప్పాను కదా, అడగవలసింది అడిగేవాడని. "ఆయనకు అలాంటి ఉద్దేశం లేదండి," అన్నాను. కాగితం ఢిల్లీ వెళ్లింది.

రాజీ

నెల తిరక్కముందే కంపెనీలు రెండూ రాజీ పడ్డాయి. కేసు వెనక్కి తీసుకున్నారు. మస్తాన్ ప్రమాణపత్రాన్ని ఏ జడ్జీ చదవలేదు. ఎదుటి కంపెనీ మాత్రం చదివింది. చదవడానికే కదా వాళ్లకు ఒక కాపీ ఇస్తారు. ఏడాది తర్వాత రెండు కంపెనీల ఫోన్లలోనూ, స్క్రీన్ గార్డు వేసినా సెన్సర్ తికమకపడని సదుపాయం వచ్చింది. పదకొండో పేరాలోంచే తీసుకున్నారని నేను నిరూపించలేను. సొంతంగా కనిపెట్టి ఉండవచ్చు. ఆ అనుమానంతోనే బతకాలి.

కోర్టు సంగతులు రాసే వెబ్‌సైటు ఒకటి 'పులివెందుల మెకానిక్' అని ఆ కాగితం బొమ్మతో సహా వేసింది. అది వాట్సాప్‌లో ప్రొద్దుటూరు చేరింది. శుక్రవారం బల్ల వాళ్లు చూశారు. తమకు దాచిన ఉపాయం కంపెనీ కాగితంలో అచ్చయి ఉంది. ఇంకేమనుకుంటారు?

మస్తాన్ నాకు ఫోన్ చేశాడు. "సార్, మదరాసోళ్లు వద్దంటాండారు. ఇది కోర్టులో బయటపడిపోయింది, ఇంక పేటెంటు రాదంటాండారు. నేనే చెప్పినానంట. నేనెప్పుడు చెప్తి సార్?"

కనుక్కుని చెప్తానన్నాను. మళ్లీ ఫోన్ చేయలేదు. అతను చేసిన రెండుసార్లూ ఎత్తలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు అదే ఉద్యోగం చేశాను.

ఫోన్ కంపెనీల తగాదాలు కొత్తదనాన్ని చంపుతాయా అని సెమినార్లలో చర్చలు పెడుతుంటారు. ఒకరు చంపుతాయంటారు, ఒకరు పెంచుతాయంటారు. నాకు ఒళ్లు మండుతుంది. పేటెంటు చెడ్డదని నేననను. సోమవారం వరకు ఆగనిచ్చి ఉంటే మస్తాన్‌కు ఆ చట్టమే కాపలా కాసేది. కానీ ఏనుగులు కొట్టుకునే చోటికి అతన్ని సాక్షిగా నడిపించుకెళ్లింది నాలాంటివాళ్లు. ఆ గొడవలో చట్టం చూసుకునేది ఏనుగుల్ని.

పులివెందులకు

యాభై రెండేళ్లకు ఉద్యోగం మానేసి ప్రొద్దుటూరు వచ్చేశాను. వచ్చిన ఆరు నెలలకు గానీ పులివెందుల వెళ్లే ధైర్యం రాలేదు. మస్తాన్ గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. అంతా చెప్పాను. సోమవారం సంగతి, ల్యాప్‌టాప్ సంగతి, విశ్వనాథన్ గారికి చెప్పిన అబద్ధం. క్షమించమన్నాను.

ముందు బల్ల దగ్గర నుంచి షంషాద్ అంది.

"మాపు చేస్తే మాకేమొస్తాది సార్? ఈయప్ప ప్రొద్దుటూరుకు పోయి నాలుగేండ్లు దాటింది. ఆ బల్ల కాడ ఎవురూ పలకరీరు. తనకు లొంగని బోర్డు వస్తే అడిగేదానికి మనిషి లేక వాపసిస్తాండాడు. కొత్తది ఏదన్నా చేద్దామన్నా సగంలో ఇడ్సిపెడతాండాడు. మీరు చెప్పాల్సింది ఈడ గాదు, ఆడ."

"ఊరికే ఉండు," అన్నాడు మస్తాన్.

"ఊరికే ఉండే గదా ఇంతయింది! ఆ పొద్దు గూడా నేను చెప్తి. విన్యావా?"

శుక్రవారం వస్తానన్నాను.

వెనక గదిలో

ఆరుగురు ఉన్నారు. మస్తాన్ నాతో పాటు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బల్లకు పెద్ద కాజా మామ. కళ్లకు భూతద్దం పెట్టుకుని బోర్డు చూస్తున్నవాడు, అది తీయకుండానే నన్ను చూశాడు. నిలబడే మొత్తం చెప్పాను.

"అంటే ఈ మస్తాన్‌గాడు దుడ్లు తినల్యా అంటావు?"

"ఒక్క రూపాయి కూడా లేదు. జమ్మలమడుగుకు బస్సు ఛార్జీ కూడా అతనే పెట్టుకున్నాడు."

"అమ్మినాడని మేము అనుకుంటిమి. ఊరికే ఇచ్చొచ్చినాడా! అదింగా తలకాయ లేని పని," అన్నాడొకడు. ఇద్దరు నవ్వారు. మస్తాన్ కూడా కొంచెం నవ్వాడు.

కాజా మామ నవ్వలేదు. "మా కాడ దాచింది మాత్రం నిజమే గదా?"

"నిజమే. దాచకపోతే చట్టం ఒప్పుకోదు. దాచినదాన్ని బయటపెట్టింది నేను."

"ఏంది సార్ మీ కత? దాస్తే మేము తిడ్తాం. చెప్తే మీ సట్టం గుంజుకుంటాది. వాడు యాడ సావాల?"



కాజా మామ భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "రా, కూసో," అన్నాడు మస్తాన్‌తో. "నాలుగేండ్లు. రమ్మని చెప్తేగానీ రావా? ఏమన్నా తెచ్చినావా, ఉత్త చేతులతో వచ్చినావా?"

మస్తాన్ కూర్చుని సంచిలోంచి ఒక ఫోను తీశాడు. వైర్లు బయటికి వేలాడుతున్నాయి. బల్ల మీద పెట్టి, నా వైపు చూసి, దాని మీద అరచెయ్యి కప్పాడు.

"సార్, మీరు అట్ల బయట కూసోండి."

"మస్తాన్, వీళ్లకు చూపించే ముందు దరఖాస్తు..."

"వీళ్లకు చూపకుండా ఇది పనిచేస్తాదో లేదో నాకెట్ల తెలుస్తాది సార్? సగమే అయింది ఇంగా."

"ఈ గదిలోది గడప దాటదు," అన్నాడు కాజా మామ మిగతా అందరినీ చూస్తూ. ఒక్కొక్కరూ తలూపారు. "ఏమప్పా, ఇట్ల ఒట్టేసుకోని చెప్పుకుంటే ఒప్పుకుంటాదా మీ సట్టం?"

ఒప్పుకుంటుంది. నమ్మకం మీద నలుగురికి చెప్పుకున్నది లోకానికి చెప్పినట్టు కాదు. ఆ గదికి నేనెప్పుడో వచ్చి చెప్పి ఉండవలసిన ఒకే ఒక్క ముక్క అది. "ఒప్పుకుంటుంది. ఒట్టు కాగితం మీద కూడా రాసుకోండి, తారీకు వేసి," అన్నాను.

"రాసుకుంటాం. నువ్వు పో."

బయటికొచ్చి టీ అంగడి మెట్టు మీద కూర్చున్నాను. వెనక తలుపు వేశారు. కాసేపటికి లోపలి నుంచి "ఇదెట్లప్పా? ఇంగోసారి చూపీ" అని ఎవరో అరవడం, మస్తాన్ ఏదో వివరించడం మొదలుపెట్టడం వినిపించాయి. మాటలు స్పష్టంగానే తెలుస్తున్నాయి. లేచి రోడ్డు దాటి, వినపడనంత దూరం వెళ్లి నిలబడ్డాను.